నాయన గొంతు ఆగిన సాయంత్రం

పోయిన ఏడాది మా నాయన చనిపోయాక ఆయన గొంతు ఒక్క ఫోన్ రికార్డింగులోనే మిగిలింది. ఫోను పూర్తిగా పాడయ్యేలోపే దాన్ని నా లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను. మా ఊరు ఏరియూరులో చేనుకు నీళ్లు కట్టి, ధర్మపురిలో ఉన్న మాతో మాట్లాడిన మాటలవి. చివర్లో “సరేమా, పెట్టేస్తా” అంటాడు. అమ్మ రోజూ వినేది.

ఆ సాయంత్రం అమ్మ అది వింటుండగానే, బెంగళూరు నుంచి వచ్చిన మా అన్న లాప్‌టాప్ నిండిపోయిందని, పాత ఫైళ్లు తుడిచేసేందుకు తన ఆఫీసులో రాసుకున్న ప్రోగ్రామును నడిపాడు.

“నాయనది పోదు కదన్నా?” అన్నాను.

“తెరిచి ఉండే ఫైలు పోదు. వినబడతానే ఉంది కదా” అన్నాడు.

నిజమే, గొంతు వినిపిస్తూనే ఉంది. చివరి మాట అవగానే ప్లేయర్ మూసుకుపోయింది.

“ఇంగొక తూరి పెట్టు సామీ” అంది అమ్మ.

ఫైలు లేదు. అన్న ఆఫీసు కంప్యూటర్లలో ఉండేది విండోస్. వాడుతున్న ఫైలును అది తుడవనివ్వదు. నా లాప్‌టాప్‌లో ఉండేది లైనక్స్. అది ఫైలును అప్పుడే తుడిచేసి, ప్లేయర్ మూసుకునేదాకా మాత్రం వినిపించింది. ఎంత వెతికించినా మళ్లీ దొరకలేదు.

“పెట్టేస్తానని చెప్పే కదా పోయినాడు. వదిలేయి” అంది అమ్మ అన్నతో.

ఇప్పుడు ఎవరితో ఫోన్‌లో మాట్లాడినా ముందుగా నేను పెట్టేయను. అవతలివాళ్లు పెట్టేశాక కూడా కాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉంటాను.