ఎవరి ఎద్దు పొడిచింది?

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. "దీని కాళ్ల కింద నిప్పులున్నాయి" అనేది మా అమ్మ. అలాంటిదాన్ని, కుడిచేతికి వేళ్ల దగ్గర నుంచి మోచేతి దాకా పిండికట్టు వేయించుకుని, తార్నాకలో ఒక చిన్న గదిలో తలుపుకూ కిటికీకీ మధ్య తిరుగుతూ వారాల తరబడి ఉన్నాను. అరవైల ఆఖరి సంవత్సరాలవి. చెయ్యి నొప్పి పగలు కొంత తగ్గేది. కోపం మాత్రం పగలూ రాత్రీ ఒకే తీరుగా ఉండేది.

మాది రాయలసీమ. నర్సు చదువు చదివి, యూనివర్సిటీ క్యాంపస్‌లోని హెల్త్ సెంటర్‌లో ఉద్యోగానికి వచ్చాను. టెంపరరీ పోస్టు, ఎప్పటికప్పుడు పొడిగించాలి. సెంటర్ అంటే పెద్ద ఆసుపత్రి అనుకోకండి. చెట్ల నడుమ పొడవాటి వరండా, దాని వెనక హాస్టల్ పిల్లల కోసం నాలుగైదు ఇనుప మంచాల వార్డు. క్రికెట్ బంతి తగిలినవాళ్లు, హాస్టల్ సాంబారు పడనివాళ్లు, పరీక్షలు దగ్గరపడగానే కడుపునొప్పి పుట్టుకొచ్చేవాళ్లు, వీళ్లే మా రోగులు. నిజమైన జబ్బు ఎప్పుడో ఒకటి వచ్చేది.

పగటిపూట వార్డులో ఒక నర్సు, ఒక అటెండరు ఉండాలి. మా అటెండరు యాభై దాటిన మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. జ్వరంలో పొర్లాడే రోగి భుజం మీద అతను చెయ్యి వేస్తే చాలు, రోగి మంచానికి అతుక్కుపోయేవాడు. కానీ మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే అతను మాకు కనబడేవాడు కాదు. మా పెద్ద డాక్టరుగారి బంగళాకు ఖాళీ క్యారియర్ ఇచ్చిరావడానికి వెళ్లేవాడు. వెళ్లినవాణ్ణి అక్కడే చెట్లకు నీళ్లు పొయ్యమనేవారు, నల్లకుంట మార్కెట్‌కు పంపి కూరలు తెప్పించేవారు. తిరిగి టీ వేళకు వచ్చేవాడు. ఇందులో దాపరికమేమీ లేదు. ఎండ పడమటికి వాలినట్టే అటెండరు బంగళా వైపు వాలతాడని అందరికీ తెలుసు. అది తప్పని అక్కడెవరికీ తోచలేదు, నాకూ పెద్దగా తోచలేదు, నా చెయ్యి విరిగేదాకా.

ఆ రోజు మంచం మీద ఉన్నది టైఫాయిడ్ వచ్చిన పిల్లవాడు. ఎమ్మే చదివే కుర్రాడు, రైతుల బిడ్డ. మధ్యాహ్నానికి జ్వరం నెత్తికెక్కింది. "చేన్ల పందులు పడ్డయి, చేన్ల పందులు పడ్డయి" అని లేవబోతున్నాడు. తడిగుడ్డ వేసి పడుకోబెడదామని దగ్గరకు పోయాను. నా చేతిని అడవిపంది కాలనుకున్నాడో ఏమో, రెండు చేతులతో పట్టి మంచం ఇనుపకమ్మీ కేసి బలం కొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. అటెండరును పిలిచాను. పిలిచాక గుర్తొచ్చింది, ఆ వేళప్పుడు అతనెక్కడుంటాడో. ఎడమచేత్తో దుప్పటి లాగి పిల్లవాడి మీద వేసి, వాడు పరుగెత్తి వరండా మెట్ల మీద పడకుండా వాడి కాళ్ల మీద కూర్చున్నాను. కేక విని హాస్టల్ పిల్లలు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

మణికట్టు, బొటనవేలు విరిగాయి. బొటనవేలు ఆడని నర్సు సూది పట్టలేదు. ఇక నాకున్న ప్రశ్న ఒక్కటే: డ్యూటీలో విరిగిన చెయ్యి బాగయ్యేదాకా నా వైద్యమూ నా ఉద్యోగమూ నన్ను పనిలో పెట్టుకున్నవాళ్లు చూస్తారా, లేదా?

పెద్ద డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు మాట్లాడేవారు. కట్టుతో వెళ్లి ఎదురుగా నిలబడితే కుర్చీ చూపించారు.

"చూడండి సిస్టర్, ఆ పిల్లగానికి జ్వరంల హోష్ లేదు. ఎవరి మీద యాక్షన్ తీసుకుందాం, మీరే చెప్పండి."

"పిల్లోని మీద ఏం తీసుకోవద్దు సార్. ఆ మధ్యాహ్నం వార్డులో అటెండరు లేకపాయ గదా, దాని సంగతి చెప్పండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడిచిందే మళ్లీ తుడిచారు. "నర్సింగ్ అంటేనే ఓర్పు. మీరు రెస్ట్ తీసుకోండి. చెయ్యి బాగయినంక రండి, పోస్టు ఉంటే చూద్దాం."

ఓర్పట! భూదేవికి లేని ఓర్పు నర్సుకుండాలి, బంగళా చెట్లకు మాత్రం వేళకు నీళ్లుండాలి. పైకి అనలేదు. అనకపోవడం వల్లే ఆ రాత్రి నిద్ర పట్టలేదేమో.

చిత్రమేమిటంటే, ఎవరిని కదిపినా ఒకే పొరపాటు పడేవారు. నేను నోరు తెరిస్తే అది ఆ పిల్లవాడి మీద ఫిర్యాదే అనుకునేవారు. హాస్టల్ పిల్లలు గుంపుగా వచ్చి "సిస్టర్, వాడు పాపం గరీబోడు, సీటు పోతది" అని బతిమాలారు. తోటి నర్సు తలుపు దగ్గరికేసి మరీ చెప్పింది: "మీరు బయటి జిల్లా మనిషి. అసలే ప్రత్యేక రాష్ట్రం నినాదాలతోని క్యాంపస్ ఉడుకుతున్నది. ఈడి పోరని మీద మాట్లాడితే అది ఇంకేదో లొల్లి అయితది." నేను పిల్లవాణ్ణి ఏమీ అనడం లేదు మొర్రో అని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అప్పుడొచ్చారు ఆ పిల్లవాడి తల్లీ తండ్రీ. మల్కాజ్‌గిరి స్టేషన్‌లో రైలు దిగి, నడుచుకుంటూ క్యాంపస్‌కు పోయి కొడుకును చూసుకుని, అక్కడి నుంచి నేరుగా నా గదికి వచ్చారు. తండ్రి తలపాగా తీసి చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. తల్లి లోపలికి వచ్చి నా పిండికట్టును రెండు చేతుల్లోకి తీసుకుని ఏడ్చింది.

"మా ఎద్దు ఒగలను పొడిస్తె, ఆల్ల చెయ్యి మంచిగయ్యేదాంక ఆల్ల పని మేమే జేస్తం బిడ్డా. మా ఊర్ల గంతే" అంది.

"మీ కొడుకు ఎద్దు కాదు గదమ్మా" అన్నాను.

"ఎద్దే నయ్యం, దానికి ముకుతాడన్న ఉంటది" అన్నాడు తండ్రి వాకిట్లోంచి.

ఆయన పొలం పనులున్నాయని మర్నాడే వెళ్లిపోయాడు. ఆమె ఉండిపోయింది, నా గదిలోనే. వద్దని నేనెంతో చెప్పాను. చెబుతూ ఉండగానే చీపురు తీసుకుని ఊడ్వడం మొదలుపెట్టింది. పొద్దున్నే జొన్నరొట్టెలు కొట్టి, పచ్చిపులుసు చేసి, నాకు తినిపించినంత పని చేసి, కొడుక్కి గంజి తీసుకుని క్యాంపస్‌కు నడిచేది. ఒకరోజు నేను అడిగానని రాగిసంగటి కెలికింది. "గిదేంది బిడ్డా, మింగుడేనా, నములుడు లేదా?" అని పడీపడీ నవ్వింది. ఒంటిచేత్తో నాకు చేతకాని పనులన్నీ చేసిపెట్టేది. జడ వేస్తే కనుబొమలు పైకి లేచేంత బిగించి వేసేది. ఆమె ఉంటే నాకు ఊపిరాడేది కాదు. క్యాంపస్ నుంచి రావడం ఆలస్యమైతే వీధి చివరిదాకా పోయి చూసేదాన్ని.

కొన్నాళ్లకు కట్టు చూపించుకోవడానికి సెంటర్‌కు వెళ్లాను. పెద్ద డాక్టరుగారి ముఖం వెలిగిపోతోంది.

"ఆ ఫ్యామిలీ మిమ్మల్ని ఎంత బాగా చూసుకుంటున్నరు సిస్టర్! క్యాంపస్ అంత అదే మాట. నేను యూనివర్సిటీ ఆఫీసుకు కూడ చెప్పిన, వాళ్లు వాళ్లు మాట్లాడుకున్నరు, మ్యాటర్ సెటిల్ అయింది అని."

"ఏం సెటిల్ అయింది సార్? నా పోస్టు సంగతేంది?"

"ఇంక ఆఫీసు ఏం చేయాలె చెప్పండి? కొట్టినోళ్లే చూసుకుంటుంటే!"

అక్కడి నుంచి బయటపడి, వచ్చిన బస్సు ఎక్కకుండా తార్నాక దాకా ఎండలో నడిచాను. పైకే మాట్లాడుకుంటూ నడిచాను. ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకున్నారు. ఆ తల్లి కాల్చిన ప్రతి రొట్టే ఆయనకు ఎంత పనికొచ్చిందో నాకప్పుడు అర్థమైంది. ఆమె నా గదిలో ఉన్నంతకాలం, అందరి లెక్కలో నా చెయ్యి విరగ్గొట్టింది ఆమె కొడుకే. అటెండరు బంగళాలోనే ఉంటాడు, రేపు ఇంకో నర్సు చెయ్యి విరుగుతుంది, ఇంకో తల్లి వచ్చి రొట్టెలు కాలుస్తుంది. మంచితనం ఇంత అడ్డంగా వచ్చి నిలబడగలదని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇంటికి రాగానే చెప్పేశాను. నాకు దాచుకోవడం రాదు.

"అమ్మా, నువ్వు ఊరికి పోవల్ల."

"ఏంది బిడ్డా, నా చేతి వంట పడ్తలేదా?"

"అది కాదమ్మా. నువ్వు చూస్తాంటే వాళ్లు చూడరు. నాతో పని చేయించుకునేది వాళ్లు. నన్ను వాళ్లు చూడల్ల."

ఆమె రొట్టెల గిన్నె మీద మూత పెట్టింది. "గని కొట్టింది మావోడు గదా."

"కొట్టింది జ్వరం. పట్టుకునే మనిషిని వాళ్లు బంగళాకు పిలిపించుకునిరి. మీ ఊర్లోనే చూడు, ఎద్దుకు కాపలా ఉండేవాణ్ణి ఆసామి ఇంకో పనికి పంపిస్తే ఎవురిది తప్పు?"

"గవన్ని నాకు తెల్వయి బిడ్డా. మా మీద నీ కోపం పోయుంటే నన్నెందుకు ఎల్లగొడ్తవ్?"

ఎన్ని రకాలుగా చెప్పానో. అన్నీ విన్నది. వింటూనే మూట కట్టుకోవడం మొదలుపెట్టింది. నాకు వారానికి సరిపడా కారప్పొడి దంచి డబ్బాలో పోసింది. గిన్నెలు తోమి బోర్లించింది. వెళ్లేటప్పుడు నా ముఖం చూడలేదు. నేను స్టేషన్ దాకా వస్తానంటే వద్దంది.

మర్నాడు పొద్దున్నే యూనిఫాం చీర ఎలాగో చుట్టుకున్నాను. తల దువ్వుకోబోతే తెలిసింది, ఒంటిచేత్తో పాయలు తీయలేనని. పక్కింటావిడను అడగొచ్చు. అడగాలనిపించలేదు. జుట్టు వీపంతా విరబోసుకుని, దువ్వెన చేత్తో పట్టుకుని బస్సెక్కాను. బస్సులో నన్ను చూసి ఇద్దరు లేచి చోటిచ్చారు, పిచ్చిదనుకున్నారేమో.

డాక్టరుగారి గది ముందు బెంచీల నిండా పిల్లలున్నారు. తలుపు తీసే ఉంది. నేరుగా లోపలికి పోయాను.

"ఇదేంది సిస్టర్, ఈ జుట్టేంది? డిసిప్లిన్ ఉండొద్దా?"

"ఉండల్ల సార్. ఇన్నాళ్లూ ఆ తల్లి వేసేది. నిన్న పంపించేసినాను. ఆమె మీకు బాకీ లేదు, నాకూ లేదు. మీ పనిలో విరిగిన చెయ్యి ఇది. జడ వేయండి" అని దువ్వెన బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి నిలబడ్డాను.

"నేను వేయాలెనా?" ఆయన గొంతులో బెల్లం కరిగిపోయింది.

"మీరన్నా వేయండి. లేదంటే, మీ ఇంట్లో చెట్లకు నీళ్లు పోసే మా అటెండర్నన్నా పిలిపించండి."

బయట బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. వెనక ఆయన కుర్చీ జరిపి, వెళ్లి తలుపు వేసిన చప్పుడైంది. "కూర్చోండి సిస్టర్" అన్నారు, చాలా మెల్లగా.

ఆ వేళ క్యాంపస్‌లో ఎన్ని నినాదాలు పుట్టాయో తెలియదు గానీ, సాయంత్రానికి అన్ని హాస్టళ్లలోనూ జడ కథే. మర్నాటి నుంచి అటెండరు మధ్యాహ్నాలు వార్డులోనే కూర్చున్నాడు, పాపం ఏం చేయాలో తోచక కునుకు తీస్తూ. ఆఫీసువాళ్లు మొదట దయతో సాయం చేస్తామన్నారు. దయ నాకొద్దు, డ్యూటీలో తగిలిన దెబ్బ అని ఒప్పుకోండి అన్నాను. వాళ్లు మొండికేశారు, నేను వాళ్లకంటే మొండిదాన్ని. తిప్పీ తిప్పీ చివరికి ఒప్పుకున్నారు. వైద్యం వాళ్లే చేయించారు, పోస్టు నాకే ఉంచారు. బొటనవేలు పూర్తిగా వంగదు గానీ సూది పడుతుంది. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

చాలా నెలల తర్వాత, తార్నాక బస్టాపులో ఆ పిల్లవాడు కనబడ్డాడు. అంతకుముందు నన్ను చూస్తే రోడ్డు దాటి పోయేవాడు. ఆ రోజు మాత్రం దగ్గరకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"సిస్టర్, మా అమ్మ అడగమన్నది. మీ కోపం పోయిందా?"

"మీ అమ్మ మీద నాకు కోపం ఎప్పుడుండె? ఆ దినమే చెప్తిని గదా!"

"నేను గూడ చెప్పిన. నమ్ముతలేదు. ఊరికి పోయినప్పుడల్ల మీకని రొట్టెలు కట్టిస్తది సిస్టర్. మీరు తీసుకోరేమోనని భయమై, హాస్టల్ల మేమే తింటున్నం."

"అమ్మకేం చెప్తాండావు?"

"తిన్నరనే చెప్పిన. మరి ఎట్లున్నయన్నరని అడుగుతది. ఏం చెప్పాలె?"

నా బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. అక్కడే రోడ్డు మీద నిలబడి, ఇంతమంది చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చాను.