ఫ్యామిలీ గుండిగ

ఆ హోటల్ వంటగదిలో గ్రేవీ గుండిగలు రెండు. పొయ్యికి దగ్గరగా ఉన్నది ఇవాళ్టిది. మూలన, మూత మీద జిడ్డు అట్టకట్టి ఉన్నది నిన్నటిది. ఒక్కోసారి మొన్నటిది కూడా. దాని పేరు ఫ్యామిలీ గుండిగ. ఒంటరిగా వచ్చినవాడు ప్లేటులోకి చూసి తింటాడు, తేడా వస్తే ఓనరును పిలుస్తాడు. కుటుంబాలతో ఆ బాధ లేదు. పిల్లల గొడవ, ఫోటోలు, కబుర్లు. నాలుక మీద ఏం పడుతోందో ఎవరికీ పట్టదు. అందుకే సర్వర్ కిటికీలోంచి "ఫ్యామిలీ!" అని కేకేస్తే గరిటె దానంతట అదే మూల గుండిగలోకి వెళుతుంది.

ఆ గరిటె పట్టే మాస్టరు మాత్రం అక్కడ మంచినీళ్లు కూడా ముట్టడు. మూత తీసినప్పుడల్లా గుప్పుమనే పులిసిన కంపుకు మొహం పక్కకు తిప్పుకుంటాడు. పైన ఇంత కాగిన నూనె, ఇంత మసాలా పడేస్తే కంపు చస్తుంది. హాలు కిటకిటలాడుతుంటే, "ఇళ్లలో పొయ్యిలు లేవా వీళ్లకి? ఈ గడ్డి కోసం ఎగబడి చస్తారు," అని గొణుక్కుంటాడు.

ఇంటికెళితే మహారాజే. పొయ్యి మీంచి దిగింది దిగినట్టు కంచంలో పడాలి. నిన్నటి కూర వేడిచేసి పెడితే, ముద్ద నోట్లో పెట్టకుండానే పసిగట్టి గిన్నె పక్కకు నెట్టేస్తాడు. "ఒక్కసారి మమ్మల్నీ బయటికి తీసుకెళ్లండి," అని భార్య ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "ఆ కంపు నీకు తెలీదు. ఇంటి వంటను మించింది లేదు." ఇంట్లో వండేది తను కాదు కాబట్టి ఆ మాట సులువుగానే వచ్చేది.

ఒక ఆదివారం సర్వర్ "ఫ్యామిలీ, ముగ్గురు!" అని అరిచాడు. మాస్టరు ఊపిరి బిగబట్టి మూత తీశాడు, రెండు గరిటెలు తోడాడు, నూనె కాచి పోసి పంపేశాడు. కాసేపటికి చెమట తుడుచుకుంటూ కిటికీలోంచి చూస్తే, ఆ గిన్నె ముందు కూర్చున్నది అతని భార్య. పక్కన కూతురు, అత్తగారు. చెప్పకుండా వచ్చేశారు.

గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తాడు. అప్పటికే ఆమె సగం తినేసింది.

"కోప్పడకండి, అమ్మాయి తీసుకొచ్చింది," అంది నవ్వుతూ.

"తినకు. అది నిన్నటిది," అన్నాడు, ఓనరుకు వినబడకుండా. "మార్చి తెస్తాను."

కూతురు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అత్తగారు నోట్లోది మింగలేక, కక్కలేక ఉండిపోయింది. భార్య మాత్రం గిన్నె తన వైపు లాక్కుంది.

"నిన్నటిదైతే ఏం? మీరు నెట్టేసిన కూరలన్నీ ఇంట్లో ఎవరు తింటున్నారనుకున్నారు? ఇదైతే వేడిగా ఉంది. అక్కడ నా వంతు వచ్చేసరికి ఏదీ వేడిగా ఉండదు. పైగా ఇక్కడ 'ఏం కావాలమ్మా' అని అడిగారు కూడా."

ఇన్నేళ్లూ ఆ గుండిగను చూసి మాస్టరు పడిన అసహ్యమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

కిటికీ దగ్గర సర్వర్ మళ్లీ కేకేశాడు. "మాస్టరూ, ఫ్యామిలీ, ఐదుగురు!"

"వెళ్లండి," అంది భార్య, ఇంకో ముద్ద కలుపుకుంటూ. "వాళ్లలోనూ నాలాంటి ఒకావిడ ఉంటుంది. ఆవిడకైనా ఇవాళ్టిది పెట్టండి."