కాటుక అనుకుని చెరిపాను

గోలేటిలో మా కాలనీ బడి పిల్లలకు సోమవారం నుంచి వారానికి రెండు గంటలు బొమ్మలు నేర్పమని నన్ను అడిగారు. నేనెప్పుడూ పాఠం చెప్పలేదు. గోదావరిఖనిలో ఒక సర్కారు బడిలో డ్రాయింగు టీచరుగా ఉన్న రజితా, నేనూ పదో తరగతి దాకా కలిసి చదివాం. ఆమె క్లాసు చూసి నేర్చుకుందామని శనివారం బయలుదేరాను. అప్పట్లో బొమ్మల పోటీలో మొదటి బహుమతి నాది, రెండోది ఆమెది. ఆమె క్లాసు మరీ అంత గొప్పగా ఉండకపోతే బాగుండునని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

ఏడున్నరకు షేర్ ఆటోలో బెల్లంపల్లి, నలభై రూపాయలు. అక్కడి నుంచి మంచిర్యాలకు ఒక బస్సు, గోదావరిఖనికి ఇంకొకటి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితమే. గోదావరి వంతెన దాటి ఊళ్లో దిగేసరికి పదిన్నర. ఆటో ఎక్కి బడి పేరు చెప్పగానే డ్రైవరు, "రజిత మేడం బడా అక్కా? మా బిడ్డ గూడ ఆమె దగ్గర్నే. ఇంట్ల గియ్యని గోడ ఒక్కటి మిగల్లే" అన్నాడు. తిడుతున్నట్టే అన్నాడు గానీ ముఖమంతా సంతోషం. బడి ముందు దిగి ముప్పై రూపాయలు ఇస్తున్నప్పుడు ఆ సంతోషమే నన్ను గుచ్చింది. మా కాలనీలో నా పేరు చెబితే మా ఆయన క్వార్టరు నంబరు చెబుతారు.

ఆరో తరగతి గదిలో పిల్లల మధ్య ఒక బెంచీలో కూర్చున్నాను. మా చిన్నప్పుడు సారు బోర్డు మీద కొండా గుడిసే గీస్తే మేం చూసి దించేవాళ్లం. రజిత సుద్దముక్క ముట్టలేదు. నాయిన డ్యూటీ నుంచి ఇంటికొచ్చినంక మొదలు ఏం జేస్తడని అడిగి కిటికీ దగ్గర నిలబడింది. ఒకడు చాయ్ అన్నాడు, ఒకామె సెల్లు అంది, ఇంకొకడు మా అమ్మతో లొల్లి అన్నాడు. పది నిమిషాలు నవ్వులే. తర్వాత ఎవరూ చెప్పకుండానే పెన్సిళ్లు తీశారు. ఆ నిశ్శబ్దం చూసి నాకు కడుపు మండింది. నా ఇద్దరు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు బతిమాలినా అట్లా కూర్చోలేదు.

చూస్తూ ఊరుకోలేకపోయాను. పక్క బెంచీలో అంజలి అనే అమ్మాయి, అప్పుడే స్నానం చేసి వచ్చిన తండ్రిని గీస్తోంది. ముఖం చక్కగా కుదిరింది, కళ్లకు మాత్రం నల్లగా కాటుక దిద్దింది. మగమనిషికి కాటుకేమిటని రబ్బరు తీసుకుని చెరిపేసి, సన్నటి గీతతో కళ్లు మళ్లీ గీశాను. నా గీత ఎంత సాఫుగా ఉందో రజిత చూడాలని కూడా ఉంది.

"అది కాటుక గాదు మేడం, బొగ్గు" అంది అంజలి. "సబ్బు పెట్టి ఎంత రుద్దినా రెప్పల కాడ పోదు."

పదిహేడేళ్లుగా బొగ్గుగనుల ఊళ్లో ఉంటున్నాను. మా ఆయన ఆఫీసులో గుమాస్తా, తెల్లచొక్కాతో పోయి తెల్లచొక్కాతో వస్తాడు. గనిలో దిగి వచ్చినవాళ్ల కళ్లు నేనెన్నడూ సరిగా చూడలేదు. కిటికీ దగ్గరి నుంచి రజిత వచ్చింది. పెన్సిలు అంజలి చేతికిచ్చి, ఎట్లుంటదో మేడంకు చూపియ్యమంది. ఆ పిల్ల నా గీత మీదే మునుపటికన్నా నల్లగా దిద్దింది.

మధ్యాహ్నం రజిత డబ్బాలో అన్నం పంచుకుని తింటూ, మరి తప్పులెప్పుడు దిద్దుతావని అడిగాను.

"ఫస్టు ప్రైజుదానివి, నువ్వు దిద్దుతవే. నేను సెకండుదాన్ని, అడుగుత గంతే" అని నవ్వింది.

రెండున్నరకు బస్సెక్కి ఆరింటికి ఇల్లు చేరాను. అసూయ తగ్గిందని రాస్తే అబద్ధం. గీతలో ఇప్పటికీ నా చెయ్యే మేలు. ఆ పిల్ల బొమ్మ చెడగొట్టింది కూడా ఆ చెయ్యే. సోమవారం బడికి వెళ్తాను, పిల్లలను ఏం అడగాలో మాత్రం ఇంకా తేలలేదు. మీరూ ఇలాంటి క్లాసు చూడటానికి వెళ్తే ముందురోజే హెడ్‌మాస్టరు అనుమతి తీసుకోండి, చివరి బెంచీలో కూర్చోండి, చేతులు ఒళ్లో పెట్టుకోండి.