రెండు పెట్టెల మధ్య ఆగిన గొంతు

కంపెనీ నాకు వారం గడువిచ్చింది. సోమవారంలోగా ఇంట్లో ఇంటర్నెట్ ఫోను పనిచేస్తే గద్వాలలోనే కూర్చుని కస్టమర్ల కాల్స్ తీసుకోవచ్చు. లేకుంటే హైదరాబాద్ హాస్టల్లో నా పాత మంచానికే తిరిగి పోవాలి. ఆ గదిలో రెండేళ్లున్నాను. మిగతా ఐదుగురిలో నా పేరు తెలిసినవాడు ఒక్కడే. వాడూ చార్జర్ కావాలంటేనే పిలిచేవాడు.

ఫోను పనిచేసింది, సగం. నేను "హలో" అంటే సూపర్‌వైజర్ మేడమ్‌కు వినిపించేది. ఆమె మాట నాకు వచ్చేది కాదు. "మీ వాయిస్ క్లియర్" అని చాట్‌లో టైపు చేసేది. నేను మాట్లాడుతూ పోవడం, అవతలినుంచి ఏమీ రాకపోవడం... స్నేహితులంతా ఊరొదిలాక నాకిది అలవాటే గనక, మొదటిరోజు అది లోపమని కూడా తోచలేదు.

నాలుగు రోజులు సెట్టింగులు మార్చాను. ఇంట్లో నేనూ చిన్నాయనా ఇద్దరమే. ఆయన మగ్గం గుంటలో దిగితే పోగుల లెక్క తప్పుతుందని నోరెత్తడు. చిన్నమ్మ పోయినప్పటినుంచి అన్నం దగ్గర కూడా ఏదో లెక్క నడుస్తున్నట్టే ఉంటాడు.

శనివారం, చేత్తో వైరు పట్టుకుని అది పోయినచోటికల్లా పోయాను. ఈ ఫోను కోసమని కొన్న కొత్త రూటర్ దగ్గర బయలుదేరి, గోడెక్కి, పట్టు కండెల బుట్ట వెనక ఆగింది. అక్కడ పాత రూటర్, గుడ్డ కప్పుకుని, దీపాలు మినుకుమంటూ. నేను వనపర్తి పోయి ఫోను తెచ్చేలోపు కొత్తదాన్ని బిగించింది చిన్నాయనే. పాతది తీసేశాడనుకున్నాను.

"పాతది తియ్యలేదా చిన్నాయనా?"

"ఎందుకు తీస్త? పాత పడుగు దారాల కొసలు మగ్గం మీదుంచే గద కొత్త పడుగు అతుకుతం. మొత్తం కోసేస్తే అచ్చు పండ్ల సందుల ఒక్కో పోగు మళ్ల ఎక్కియ్యాలె. మగ్గాల ఇంట్ల పుట్టి గది తెల్వదా?"

"ఇది చీర కాదు చిన్నాయనా."

"నాకేం ఎర్కరా? నువ్వు చెప్తివా? వారమాయె మూతి ముడుసుకొని తిరుగుతున్నవ్. ఏందిరా పరేషాన్ అంటే పలుకవైతివి."

అడిగాడా? అడిగే ఉంటాడు. అప్పుడు నేను హెడ్‌సెట్ పెట్టుకుని రాని గొంతు కోసం వింటున్నాను.

లోపం అదే. బయటి లైను పాతదానికి, దాన్నుంచి కొత్తదానికి. నా మాట రెండు పెట్టెలూ దాటి బయటికి పోతోంది. తిరిగొచ్చే గొంతు పాత పెట్టె దాకా వచ్చి, దాని వెనక ఇంకోటి ఉందని తెలియక ఆగిపోతోంది. పాతది తీసి లైను నేరుగా కొత్తదానికి కలిపాను. కనెక్షన్ ఇచ్చినాయన ఫోన్లో పాస్‌వర్డు చెప్పాడు, రెండుసార్లు విసుక్కుని.

సోమవారం మొదటి కాల్. ఎవరో కస్టమర్, ఆయన కొన్న ఫ్రిజ్ ఇంకా రాలేదట. నన్నూ, కంపెనీనీ, ఆ రోజుల్లో పడని వాననూ తిట్టాడు. ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించింది. అలసిపోయి, "లైన్లో ఉన్నవా?" అన్నాడు.

"ఉన్నా సార్, చెప్పండి."

చెప్పడానికి ఆయన దగ్గర ఇంకేం మిగల్లేదు. పెట్టేసేముందు ఇంకేమైనా సాయం కావాలా అని ఒకసారి అడగాలని కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంది.

నేను రెండుసార్లు అడిగాను.