పెట్రోలులో ఉబ్బిన రబ్బరు

బండిని ఆపేది మీ కాలేనని మీరు నిజంగా నమ్ముతున్నారా? మొన్న హైదరాబాదులో మా కారు సర్వీసుకిచ్చిన చోట ఎవరో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశారు. ఆ ఘాటు వాసన వెంట తొంభైలనాటి ఖతార్‌లోని దుఖాన్ ఊరి శుక్రవారాలు, అక్కడి వారాంతపు సెలవులు, వచ్చి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

నాన్న అక్కడ చమురు కంపెనీలో ఇంజనీరు. ఇసుకగాలి కిటికీ సందుల్లోంచి దూరి పెరుగన్నంలో పంటికింద తగిలే కాలంలో, పాత బేరింగుల ఉక్కుగుండ్లనే గోళీలుగా ఆడుకుంటూ, అమ్మ తాలింపులో ఇంగువ వాసనను బట్టి సెలవురోజును గుర్తుపట్టే పిల్లలం మేము. మా కారు వయసులో నాకంటే పెద్దది. దాని బ్రేకులను నాన్న కింద పనిచేసే జగిత్యాల మల్లన్న సెలవునాడు వచ్చి బాగుచేసేవాడు: చక్రం విప్పి, డ్రమ్ము తీసి, లోపలి చిన్న సిలిండరును సన్నటి గరుకు కాగితంతో నునుపు చేసి, ఆయిలు కారకుండా పట్టి ఉంచే రబ్బరు కప్పులు అరిగితే మార్చి, విప్పిన ప్రతి ముక్కనూ పాత పేపరు మీద విప్పిన వరుసలోనే పేర్చేవాడు.

ఒక శుక్రవారం పదిగంటలకు, ఎనభై కిలోమీటర్ల దూరంలోని దోహాలో తెలుగు పిల్లల వక్తృత్వ పోటీ. ముందురోజే వెనక చక్రం దగ్గర ఆయిలు కారడం కనబడి, పొద్దున్నే మల్లన్నను పిలిచారు. నెలరోజులు కంఠస్థం చేసిన ప్రసంగం నోట్లో తిరుగుతుండగా నేను గేటుకూ కారుకూ మధ్య పచార్లు చేస్తున్నాను. నాన్న తెచ్చి ఉంచిన కొత్త రబ్బర్లను చేతిలోకి తీసుకున్న మల్లన్న ఆగిపోయాడు.

"వీటిని దేంట్ల కడిగిన్రు సార్?"

"పెట్రోల్లో. దుమ్ముగా ఉన్నాయని, నువ్వొచ్చేలోపు నేనే కడిగిపెట్టాను."

"పూరీల లెక్క ఉబ్బినయ్. బ్రేకాయిల్ల తప్ప దేంట్ల కడగొద్దు. ఇవి నేనెక్కియ్య."

వేరే రబ్బర్లు దోహాలోనే దొరుకుతాయి. పక్కిళ్ళ బళ్ళు అప్పటికే వెళ్ళిపోయాయి. నాన్న గడియారం చూసుకున్నారు.

"ఈ ఒక్కపూటకు బిగించు మల్లన్నా. మెల్లగా పోనిస్తాను."

"మెల్లగ పోవుడు మీ చేతుల ఉంటది సార్. ఆగుడు వీటి చేతుల ఉంటది."

"నేను చెబుతున్నాను కదా."

"డ్యూటీల మీరేం చెప్తె అది చేస్త. ఈ బండిల పిల్లలు కూసుంటరు."

అంటూ తాళంచెవిని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. నాన్న మాట తోసిపుచ్చితే అతని ఉద్యోగమూ వీసా రెండూ ఊగుతాయని నాకప్పుడు తెలియదు. "నాన్నా, ఆయన మీ మాట ఎందుకు వినడు?" అని ఏడ్చాను. నాన్న చాలాసేపు ఆ రబ్బరును వేళ్ళ మధ్య నొక్కిచూసి, "తప్పు నాదమ్మా" అన్నారు. దారికని కట్టిన పులిహోరను అందరం మెట్లమీదే తిన్నాం. నేను మాత్రం మల్లన్నతో మూడువారాలు మాట్లాడలేదు.

తరువాత కాలేజీ చర్చావేదికల మీద ఎన్నో ఖండనలు విన్నాను, చేశాను. వాటిలో ఒక్కటైనా పలికినవాళ్ళ కూటికి ముప్పు తెచ్చినది కాదు.

ఇప్పుడు సిలిండరు ఎవరూ విప్పరు. అట్టపెట్టెలో కొత్తది వస్తుంది, పాతది చెత్తలోకి పోతుంది. దానితోపాటే, ముక్కను వేళ్ళతో తడిమి కాదనగల మనిషి కూడా కనుమరుగవుతున్నాడు. మొన్న కౌంటరు దగ్గర ఒకాయన "సాయంత్రానికి కావాలంతే" అని గద్దిస్తుంటే మెకానిక్కు తలవంచుకుని నిలబడ్డాడు. మీ మెకానిక్కు ఎప్పుడైనా "ఈరోజు ఇవ్వలేను" అంటే, దయచేసి గొంతు పెంచకండి. ఎందుకని ఒక్కసారి అడగండి, చెప్పింది పూర్తిగా వినండి, ఆటో పిలుచుకుని ఇంటికి వెళ్ళండి.