పందొమ్మిదో ఉత్తరంలో రెండు కాగితాలు

రెండు కాగితాల బరువెంత ఉంటుంది? ఇరవయ్యేడేళ్లుగా మోస్తున్నాను. ఇప్పటికీ తెలియలేదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను మరిచిపోయే మనిషిని కాను. నాటకంలో నాకివ్వాల్సిన పాత్ర ఇంకో అమ్మాయికిచ్చిన ఐదో తరగతి టీచర్ ఆ రోజు ఏ రంగు చీర కట్టుకుందో ఇప్పుడడిగినా చెబుతాను. మా పిన్ని కూతురి పెళ్లిలో అందర్నీ ఫొటోకి పిలిచి నన్ను వడ్డనకి పంపిన సంగతి, పిన్ని ఎప్పుడు కలిసినా గుర్తు చేస్తాను. మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లకి నా ఫిర్యాదు కాగితమంటే భయం. నాకు జరిగినవన్నీ ఎక్కడో ఒకచోట రాసి ఉంచాను. నేను చేసింది మాత్రం ఎక్కడా రాయలేదు. ఇదే మొదలు. మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే రాయలేకపోయేదాన్ని.

నాన్న నౌకాదళంలో ఓడ మీద పనిచేసేవారు. ఓడ కదిలిందంటే ఒక్కోసారి ఏడు నెలల దాకా ఇంటి మొహం చూసేవారు కాదు. నా చదువు ఊరూరా తిరగకూడదని అమ్మా నేనూ అమీర్‌పేటలో, మామయ్య ఇంటికి రెండు వీధుల అవతల, చిన్న వాటాలో ఉండేవాళ్లం. అప్పటికి మాకు ఫోన్ లేదు. ఉత్తరాలే. అవి ముంబై చేరి, అక్కణ్ణించి ఓడ ఏ రేవులో ఆగితే అక్కడికి వెళ్లేవి. నెల రోజుల ఉత్తరాలు ఒక్కోసారి కట్టగా, ముందువి వెనక, వెనకవి ముందుగా అందేవి. అందుకని ఓడవాళ్ల ఇళ్లలో ప్రతి ఉత్తరానికీ ఒక నెంబరు ఉంటుంది. అమ్మ కవరు వెనక మూలన అంకె వేసి చుట్టూ సున్నా చుట్టేది. నాన్న జవాబులో మొదటి లైను ఎప్పుడూ అదే. ‘పదకొండు, పన్నెండు అందాయి. పది రాలేదు.’

ప్రతి కవరులో చివరి కాగితం నాది. అందులో ఏం రాశానో అమ్మ చూసేది కాదు. “అది నీకూ నాన్నకీ మధ్య” అనేది. నా కాగితం పెట్టుకుని, కవరు అంటించి, పంజాగుట్టలో మా స్కూలు పక్కనున్న పోస్టు డబ్బాలో వెయ్యడం నా పని. అంత నమ్మకం.

నా పన్నెండో ఏట, నాన్న ఓడ వెళ్లిన కొత్తలో, అమ్మ అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో చేరింది. మొదట నేర్చుకోవడానికి. తర్వాత, కొత్తగా వచ్చేవాళ్లకి కోర్సుల గురించి చెప్పే ఉద్యోగానికి. నాన్నకి రాయలేదు. ముప్పై రెండేళ్ల అమ్మ మొదటిసారి చుడీదార్ వేసుకుంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. కూర తరుగుతూ ఇంగ్లిషు మాటలు తనలో తనే పలికి చూసుకునేది. నాకది నచ్చలేదు. ఎందుకు? నాన్న లేని ఇంట్లో అంత సంతోషం ఉండకూడదనా? లేక ఆ సంతోషంలో నాకు చోటు లేదనా? రెండోదే అనుకుంటాను.

ఒక శుక్రవారం పెద్ద వాన. స్కూలు తొందరగా వదిలేశారు. ఇంటి తాళం అమ్మ దగ్గరుంది. తడిసి ముద్దయి ఆ సెంటర్ మెట్లెక్కాను. అమ్మ బల్ల ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఆఫీసు చూసుకునే ఆయన నన్ను చూసి, “గీ పాప ఎవరు మేడం?” అన్నాడు.

“మా అక్క కూతురండీ” అంది అమ్మ.

“అరే, అచ్చం మీ లెక్కనే ఉన్నది! మస్తు పోలికలున్నయ్.”

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నా మొహం చూడకుండా తాళం చేతిలో పెట్టింది.

అమ్మకి అక్క లేదు.

ఆ సాయంత్రం వాన తగ్గకపోతే అక్కడ పాఠాలు చెప్పే సార్ ఒకాయన స్కూటర్ మీద అమ్మని వీధి చివర దింపి వెళ్లాడు. కిటికీలోంచి చూశాను. అన్నం పెట్టేటప్పుడు ఏదైనా చెబుతుందని ఎదురు చూశాను. చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది. అంతే. శనివారం చూశాను. ఆదివారం చూశాను. ఏమీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం పందొమ్మిదో ఉత్తరం రాసింది. మూడు కాగితాలు. ఎప్పుడూ ఒకటే రాసేది. నా చేతికిచ్చి స్నానానికి వెళ్లింది. నేను చదివాను.

మొదటి కాగితంలో మామూలు సంగతులు. నా మార్కులు, నీళ్ల ఇబ్బంది, మామయ్య మోకాలి నొప్పి. మిగతా రెండింటిలో ఉద్యోగం గురించి. చెప్పకుండా చేరినందుకు క్షమించమని. పిల్లలున్నవాళ్లు సాయంత్రం బ్యాచ్‌లకి ఉండలేరని తీసుకోరట, అందుకని లేరని చెప్పాల్సి వచ్చిందట. ‘మొన్న బిడ్డ వానలో తడిసి వస్తే, ఎదురుగా పెట్టుకుని అక్క కూతురన్నాను. దాని మొహం చూడలేకపోయాను. ఆ మాట అన్నప్పటి నుంచి ముద్ద దిగడం లేదు. దానికెలా చెప్పాలో తెలియడం లేదు’ అని ఉంది. మీ జవాబు వచ్చేదాకా దీని గురించి మళ్లీ రాయనని కూడా ఉంది.

ఇది చదివాక ఏ బిడ్డయినా ఏం చేస్తుంది? నేను చదివాను. అర్థం కాక కాదు, అయింది. అయినా నాకు ఒకటే తోచింది. ఈ మాట నాతో అనాలి. నాన్నతో అంది.

ఆ రెండు కాగితాలూ తీసేశాను. మొదటిది ఉంచాను. నా కాగితం రాశాను. ‘నాన్నా, అమ్మ ఉద్యోగం చేస్తోంది. రోజూ చీకటి పడ్డాక వస్తుంది. ఒక సార్ స్కూటర్ మీద దింపుతాడు. అక్కడ తనకి పిల్లలు లేరని చెప్పింది. నన్ను అక్క కూతురంది.’ కవరు అంటించాను. సోమవారం డబ్బాలో వేశాను. తీసేసిన కాగితాలు ముక్కలు చేసి దారిలో మురుగు నాలాలో పారేశాను.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సమాధానం, అన్నీ నిజాలే రాశానని. ఒక్క అబద్ధమూ లేదని.

కాదు. ఒకటుంది. ఆ సార్ దింపింది ఒక్కసారే. ‘దింపాడు’ అని రాయాలి. ‘దింపుతాడు’ అని రాశాను. తెలిసే రాశాను. ఒక్క అక్షరం ఎక్కువ.

నెలన్నర తర్వాత జవాబొచ్చింది. ‘పద్దెనిమిది, పందొమ్మిది అందాయి. పందొమ్మిది చదివాను. వెంటనే మానెయ్యి. మిగతాది వచ్చాక.’ అమ్మ ఆ కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. కవరులో వేలు పెట్టి చూసింది. మర్నాడు ఉద్యోగం మానేసింది.

చూశారు కదా ఏం జరిగిందో. తన మనసంతా విప్పి రాస్తే ఆయన రెండు లైన్లలో కొట్టిపారేశాడని అమ్మ అనుకుంది. మార్కులూ మోకాలి నొప్పీ రాసి అసలు సంగతి దాచిందని నాన్న అనుకున్నారు. ఇద్దరి దగ్గరా ఒకే అంకె. పందొమ్మిది. ఉత్తరం పోయి ఉంటే ఆ నెంబరు రాలేదని తెలిసేది. అది పోలేదు. అందింది.

నాన్న వచ్చిన రోజు వంటింటి గుమ్మం ఇవతల నిలబడి విన్నాను.

“పందొమ్మిదిలో ఉన్నదంతా చదివారా?” అంది అమ్మ.

“చదివాను.”

“చివరిదాకా?”

“చివరిదాకానే.”

“చదివాక కూడా అదే మాటా?”

“చదివాకే.”

“అయితే ఇంక నేను చెప్పేదేం లేదండీ.”

నాకూ వాళ్లకీ మధ్య నాలుగు అడుగులు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ నాలుగు అడుగులే ఇప్పటికీ నడవలేదు.

వాళ్లు విడిపోలేదు. అలా అయినా తెగిపోయేది. నాన్న ఓడ దిగి పెన్షన్ తీసుకుని వచ్చాక కూడా ఒకే ఇంట్లో, కూరల పేర్లూ మందుల పేర్లూ తప్ప మాటల్లేకుండా బతికారు. అమ్మ మళ్లీ ఏ ఉద్యోగానికీ వెళ్లలేదు. నాలుగేళ్ల కింద నాన్న పోయారు. పరామర్శకి వచ్చినవాళ్లతో అమ్మ ఒకటే అంది. “రెండు కాగితాలు రాశానండీ ఆయనకి. రెండు లైన్లు జవాబిచ్చారు.” మరిచిపోకపోవడం నాకు ఎవరి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

నాన్న ట్రంకు పెట్టెలో ఉత్తరాలన్నీ ఉన్నాయి, నెంబర్ల వరసలో తాడుతో కట్టి. “నాకక్కర్లేదు, పారెయ్యి” అంది అమ్మ. పారెయ్యలేదు. పందొమ్మిది తీసి చూశాను. అమ్మ కాగితం ఒకటి. నాది ఒకటి. నా అక్షరాల్లో ‘దింపుతాడు’ కింద పెన్సిల్‌తో గీత ఉంది. ఒకసారి గీసింది కాదు. గీసిన గీత మీదే మళ్లీ మళ్లీ గీసి కాగితం చిరిగే దాకా వచ్చింది.

ఆ కట్ట నా బీరువాలో ఉంది. అమ్మ పక్కగదిలో ఉంది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద నడుస్తుంటే కోర్సుల కాగితాలు పంచుతారు కదా, అందరూ నాలుగడుగులు వేసి పారేస్తారు. అమ్మ ఒక్కటీ పారెయ్యదు. కళ్లజోడు పెట్టుకుని కోర్సుల పేర్లు చదివి, నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంటుంది.

ఎందుకు చెప్పను? ఆమె మనసు విరిగిపోతుందని చెప్పుకుంటాను. అది కాదు. ఇప్పుడు చెబితే నాన్న మీదున్న కోపం నా మీదకి వస్తుంది. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ వాన రోజు గురించి ఆమె నాతో ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. నేను ఇంకా ఎదురు చూస్తున్నాను. ముక్కలు చేసి పారేసిన మాటని ఆమె నోటి నుంచి వినాలని. ఇంత చేశాక కూడా. ఇలాంటి మనిషిని మీరు క్షమించకండి. నేను అడగడం లేదు. ఆమెకి చెబుతానని మాట కూడా ఇవ్వను. నాకు తెలుసు, చెప్పను.

ఆ రెండు కాగితాల్లో చాలా భాగం మరిచిపోయాను, మరుపే రాని నేను. చివర రాసింది మాత్రం గుర్తుంది. ‘మొన్న వానకి మా సార్ ఒకాయన స్కూటర్ మీద దింపారు. రేపు ఎవరైనా మీకు ఇంకోలా చెప్పవచ్చు, అందుకని నేనే రాస్తున్నాను. ఈ పని మొదలుపెట్టాక తెల్లవారితే లేవబుద్ధేస్తోంది. వద్దంటే మానేస్తాను. వద్దనే ముందు ఒక్కసారి నా వైపు నుంచి చూడండి.’

ఆ మాటలు నాన్నకి చేరలేదు. నా తర్వాత వాటిని చదివింది మీరే.