వీపులు దిద్దిన నమూనా

మీ వీధి గోడ మీద ఏ బొమ్మ ఉండాలో మిమ్మల్ని ఎవరైనా, ఎప్పుడైనా అడిగారా? అడిగి ఉండరు. అడిగితే ఏమవుతుందో బోర్డుల మాస్టారికి తెలుసు.

ఆయన ముప్పై నాలుగేళ్లుగా దుకాణాలకు పేర్లు రాస్తున్నారు. ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు’ అన్న వాక్యాన్ని కళ్లు మూసుకుని రాయగలరు. దాన్ని ఎవరూ పాటించకపోవడం ఆయన తప్పు కాదు. ఇన్నేళ్లలో తన ఇష్టప్రకారం ఒక్క బొమ్మ వేసే అవకాశం మాత్రం రాలేదు. అందుకే, బస్టాపు వెనక ఉన్న అరవై అడుగుల గోడను వీధివాసుల భాగస్వామ్యంతో తీర్చిదిద్దాలని పురపాలక సంఘం తీర్మానించి ఆ పని అప్పగించగానే, ఆయన కాళ్లు నేల మీద నిలవలేదు.

“మన వంటగదికి సున్నం వేయమని అయిదేళ్లుగా మొత్తుకుంటున్నాను,” అంది భార్య.

“అది గోడ. ఇది కళ.”

“అవును మరి. కళకైతే నిచ్చెన ఎక్కుతారు, వంటగదికైతే నడుము పట్టేస్తుంది.”

నమూనా సిద్ధమైంది: ఒక చివర నీటిలోంచి లేచి, మరో చివర ఆకాశంలో కలిసిపోయే కొంగల బారు. వీధివాసులు ఆమోదించి సంతకాలు చేస్తేనే రంగు పడాలన్నది నిబంధన. ఉదయం తొమ్మిదింటికి సభ జరిగింది. కొంగల మధ్య ఒక కుట్టుమిషను ఉండి తీరాలని దర్జీ పట్టుబట్టాడు.

“కొంగలు బట్టలు తొడుక్కోవు కదయ్యా,” అన్నారు మాస్టారు.

“అందుకే కుట్టించుకోమంటున్నాను.”

ఎటూ తేలలేదు. కాగితం మీద జనానికి అర్థం కాదనీ, అసలు కొలతలతో గోడ మీదే చూపించమనీ పురపాలక ఇంజనీరమ్మ సలహా ఇచ్చింది. మాస్టారు సుద్దతో గోడంతా గీసి, పక్కనే సుద్దముక్కల డబ్బా వేలాడదీసి, ‘అభ్యంతరములు ఇచ్చటనే వ్రాయవలెను’ అని ప్రకటించారు.

మర్నాటికి కింది వరుస కొంగలు మాయం. మళ్లీ గీశారు. మళ్లీ మాయం. దర్జీ మీద అనుమానంతో మూడోనాడు పొద్దున్నే వెళ్లి కాపు కాశారు. దర్జీ రాలేదు. బస్సూ రాలేదు. నిలబడి నిలబడి అలసిన జనం ఒక్కొక్కరే గోడకు జారగిలబడ్డారు. ఎట్టకేలకు బస్సు వచ్చేసరికి తలా ఒక రెక్కనో, కాలినో వీపున వేసుకుని ఎక్కేశారు. ఒక గుమస్తా చొక్కా మీద కొంగ ముక్కు చెక్కుచెదరకుండా వెళ్లిపోయింది.

“కాస్త నిటారుగా నిలబడండమ్మా, కొంగ పోతోంది,” అని వేడుకున్నారు మాస్టారు.

“కొంగ ఒంటికాలి మీదైనా నిలబడుతుంది బాబూ. మా వల్ల కాదు,” అంది ఆసుపత్రి ఆయా, గోడను వదలకుండానే.

మాస్టారు టేపు తీసి కొలిచారు. చెరిగిన చోట్లు పదకొండు. మూడు రోజులూ అవే. అభ్యంతరాలు రాయమంటే జనం రాయనే రాశారు, సుద్దతో కాదు, వీపులతో. సభలో ఇక్కడ కూర్చోవడానికి బల్ల కావాలని ఎవరూ ఎందుకు అడగలేదో కూడా అప్పుడే బోధపడింది: అడగవలసిన వాళ్లంతా ఆ తొమ్మిదింటికి ఇక్కడే బస్సు కోసం నిలబడి ఉన్నారు.

“గోడ పొడవునా బల్ల కడితే, కూర్చునేవాళ్ల వీపుల వెనక కింది నాలుగడుగులూ పోతాయి మాస్టారూ,” అంది ఇంజనీరమ్మ, ఆయన వెళ్లి సంగతి చెప్పగానే. “నీళ్లుండవు, లేచే కొంగలుండవు. పైన ఎగిరేవే మిగులుతాయి. మీ నమూనాకి నేను అడ్డు చెప్పను, ఆలోచించుకోండి.”

ఆ బొమ్మకు ప్రాణమంతా కింది నాలుగడుగుల్లోనే ఉంది. రెండు రోజులు ఆయన ఆ గోడ ముందే తచ్చాడారు. ఇంతలో దర్జీ తనంతట తానే వచ్చాడు.

“మిషను సంగతి వదిలేశాను మాస్టారూ. ఉన్నదున్నట్టు వేసుకోండి. వీధంతా సంతకాలు పెట్టేశాం.”

కాగితం చేతికొచ్చింది. ఇరవై ఆరు సంతకాలు, ఒక్క అభ్యంతరమూ లేదు. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత నమూనాలో కింది నాలుగడుగులను ఎర్రసిరాతో కొట్టేసి, ‘ముందు బల్ల, మిగిలిన గోడకు బొమ్మ’ అని రాసి, సంతకం చేశారు.